కోళ్ళపాకలలోని నల్ల పెంకుపురుగు



నేడు నేను మీకు విన్నవింపబూనిన విషయము మిక్కిలి చిన్నప్రాణిని గూర్చినది. అది పొడవున బియ్యపుగింజంత యుండును. వీపు నల్లగా నిగనిగలాడుచుండును. కోళ్ళపాకలో పరచిన ఊకను కాలితో కదల్చినచో వందలకొలదిగా చెదరి, కనుమూసి తెరచునంతలో మరల ఊకలోనికి దూరిపోవును. ఇంత చిన్నపురుగును గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట యేల యని మీకు తోపవచ్చును. ఈ పురుగు కోళ్ళు పెంచువాని నష్టముతో ఆగునది కాదు. ఎరువు బండినెక్కి పొలమునకు పోవును. పొలమునుండి రాత్రివేళ ఊరి దీపముల కడకు వచ్చును. ఇరుగుపొరుగు రైతుల నడుమ తగవు పెట్టును. తగవు తీర్పవలసినవారు మీరు. కావుననే ఈ మాటలు మీకు చెప్పుచున్నాను.

మన ప్రాంతమున ఈ పురుగునకు కావలసినవన్నియు సమకూడియున్నవి. 1931లో మంజీరానదిపై నిజాంసాగరము పూర్తియైన పిదప బోధను పరిసరములు కాలువనీటితో తడిసి చెరకుతోటలకు నెలవయ్యెను. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. చెరకు తగ్గిన చేలలో రైతులు వరియు, మొక్కజొన్నయు, సోయాచిక్కుడును, పసుపును పండించుచున్నారు. కోళ్ళ దాణాకు ముఖ్యమైనవి మొక్కజొన్నయు సోయాయే గదా. కోళ్ళక్రింద పరచుటకు ఊక ధాన్యపు మిల్లులలో దొరకును. చెరకుపిప్పియు అందులకు పనికివచ్చును. పాకనుండి వెడలు ఎరువును పసుపు రైతును వరి రైతును కోరి కొందురు. ఈ విధముగా పొలము కోడికి తిండిని, ఊకను ఇచ్చుచున్నది; కోడి పొలమునకు బలము నిచ్చుచున్నది. ఇది చక్కని యిచ్చిపుచ్చుకోలు. ఆ రాకపోకల బండిలోనే పురుగును కూలి లేకుండ ప్రయాణము చేయుచున్నది.

కోళ్ళక్రింద పరచిన ఊకయు, అందు చేరిన రెట్టయు, ఈకలును, చిందిన దాణాయు కలిసిన పదార్థమును ఇప్పుడందరును ‘లిట్టరు’ అనుచున్నారు. నేనును ఆ మాటనే వాడెదను. ఈ పురుగు ఇల్లు ఆ లిట్టరే. శాస్త్రజ్ఞులు దీనికి ‘ఆల్ఫిటోబియస్ డయాపెరినస్’ అని పేరిడిరి. మొదటి మాటకు గ్రీకు భాషలో పిండియందు బ్రతుకునది యని యర్థము. చెమ్మ తగిలి బూజుపట్టిన ధాన్యము, తవుడు, పిండి దీని తొల్లిటి నివాసములు. పుట్టినిల్లు ఆఫ్రికాఖండమని పండితులు తలంతురు. ధాన్యపు మూటలతో ఓడలెక్కి లోకమంతయు వ్యాపించెను. కోళ్ళపాకలు పెరిగిన పిదప, వెచ్చదనము, చెమ్మ, తిండి, చీకటి యను నాలుగును ఒక్కచోట దొరకుటచే అచ్చటనే స్థిరపడెను.

అమరకోశమునందు కోడికి తామ్రచూడమనియు చరణాయుధమనియు పేరులు కలవు. కాళ్ళే ఆయుధములుగా గలది యని రెండవదాని యర్థము. మన పెరటికోడి ఆ కాళ్ళతో పెంటకుప్పను గీరి పురుగు నేరి తినుచుండెడిది. పది కోళ్ళున్న యింట ఈ పురుగు బాధ యెవరును ఎరుగరు. నేడు ఒక్క పాకలో వేలకొలది కోళ్ళుండును. వాటి క్రింద లిట్టరు మందముగా పేరుకొనును. ఎన్ని పురుగులను కోడి తిన్నను అంతకు పదిరెట్లు అడుగున పెరుగుచుండును. మనము పెంపకమును పెంచితిమి. దానితోబాటు పురుగునకును వసతి పెంచితిమి. కనుక జాగ్రత్తయు ఆ మేరకు పెరుగవలెను.

ఇక దీని జీవితక్రమమును వినుడు. ఆడుపురుగు లిట్టరులోను, గోడ పగుళ్ళలోను గ్రుడ్లు పెట్టును. తన జీవితములో వందలకొలదిగా, ఒక్కొక్కప్పుడు వేయికి మించి పెట్టును. కొన్ని దినములకే అవి పొదిగి సన్నని పసుపుగోధుమ వన్నె డింభకములు, అనగా పిల్లపురుగులు, వెలువడును. ఇవి దాణా పొడిని, బూజును, రెట్టను, చచ్చిన కోడిని తిని పెరుగును. పెరిగిన పిదప కదలక యుండు కోశదశకై పొడిచోటు వెదకుచు నేలలోనికిని, గోడలలోనికిని, కొయ్యస్తంభములలోనికిని తొలుచుకొని పోవును. అచ్చటినుండి కొలది దినములకు నల్లని పెద్దపురుగై వచ్చును. అది కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా, బ్రతుకును.

ఇందు గమనింపవలసినది కాలపు లెక్క. మాంసపు కోడిపిల్ల పాకలోనికి వచ్చి అమ్మకమునకు పోవుటకు ఇంచుమించు ఆరు వారములు పట్టును. వేడిమి అనుకూలించినచో గ్రుడ్డు పెద్దపురుగగుటకును ఆరేడు వారములే పట్టును. మనము కోడిపిల్లకు తొలివారమున కలిగించు వేడిమి సుమారు 32 డిగ్రీలు. పురుగు పెంపునకు మిక్కిలి యనువైన వేడిమియు ఇంచుమించు అదియే. కావున ఒక బ్యాచి కోళ్ళు పోవుసరికి ఒక తరము పురుగులు సిద్ధమై, రాబోవు బ్యాచి కొరకు కాచుకొనియుండును. పాక ఖాళీయైనదని యజమాని తలచును. పాకలో పాత కాపురస్తులు ఉండనే యున్నారు.

దీనివలన హాని మూడు విధములు. మొదటిది పెంపకమునకు హాని. కోడిపిల్లలు దాణాను విడిచి కదలుచున్న పురుగులను ఆసక్తితో ఏరి తినును. గట్టి పెంకు వాటికి జీర్ణము కాదు. కడుపు నిండినట్లుండును గాని మేను పెరుగదు. కంపెనీవారు పిల్లలను, దాణాను ఇచ్చి, పెంచినందుకు కిలోకింత యని కూలి కట్టియిచ్చు పద్ధతి ఇప్పుడు విరివిగా నున్నది. ఎంత దాణాకు ఎంత బరువు వచ్చెనను లెక్కపైననే ఆ రైతు కూలి యాధారపడియుండును. బరువు కొంచెము తగ్గినను ఆతని బిడ్డల చదువునకు ఉంచుకొన్న రూపాయలే తగ్గును.

రెండవది రోగము. పురుగు తానుగా రోగమును పుట్టింపదు. రోగమును దాచియుంచి ఒక బ్యాచినుండి మరియొక బ్యాచికి అప్పగించును. అమెరికాలో 1962లో మొదట వర్ణింపబడిన గంబోరో వ్యాధి విషక్రిములను, మారెక్సు వ్యాధి, కొక్కెర తెగులు మున్నగువాని విషక్రిములను, విరేచనములు కలిగించు సాల్మొనెల్లా సూక్ష్మజీవులను ఈ పురుగునందు పరిశోధకులు కనుగొనిరి. కోడి కడుపులోని బద్దెపురుగునకు సయితము ఇది మధ్యనివాసముగా నుండును. అనగా కోడి రెట్టతో వెడలిన బద్దెపురుగు గ్రుడ్లు దీని కడుపులో పెరిగి, దీనిని తిన్న మరియొక కోడిని చేరును. పాకను కడిగి సున్నము వేసితిమి, అయినను తెగులు మరల ఎట్లు వచ్చెనని యజమానులు ఆశ్చర్యపడుదురు. గోడ పగులులో దాగిన పురుగును కడుగలేదు గదా.

మూడవది కట్టడమునకు హాని. డింభకములు తొలుచుటచే కొయ్యస్తంభములు, వెదురుబద్దలు గుల్లలగును. ఇప్పటి చల్లని పాకలలో వేడిమిని ఆపుటకై అమర్చు నురగ పలకలైతే వీనికి మెత్తని పొలము వంటివి. అందు దూరి కాలక్రమమున వానిని జల్లెడ చేయును. పాకలో పనిచేయువారిలో కొందరికి ఈ పురుగు వెలువరించు ఘాటైన ద్రవమువలన దురదయు, దగ్గును, ఆయాసమును కలుగుట కలదు.

ఇంత చెప్పితిని గాని, దీనిని సృష్టిలోని దుష్టప్రాణిగా నేను చెప్పబోను. గ్రుడ్లకోళ్ళ పంజరముల క్రింద కుప్పపడు రెట్టలో ఇది ఈగల పురుగులను తినును. రెట్టను గుల్లచేసి ఆరబెట్టును. ఐరోపాసమాఖ్యవారు 2023లో, శుభ్రమైన పద్ధతిని పెంచిన దీని డింభకములను మనుష్యుల ఆహారముగా అమ్ముటకు అనుమతి యిచ్చిరి. అట్లని మన పాకలోని పురుగులను ఏరి కోళ్ళకు మేపుట తగదు. అవి రెట్టలో పెరిగినవి, రోగమును మోయునవి. పురుగు ఒక్కటే, అది యున్న చోటును, దాని సంఖ్యయును బట్టి గుణమో దోషమో యగుచున్నది. కావున దీనిని లోకమునుండి తుడిచివేయుట మన కార్యము కాదు. మన పాకలో హద్దునం దుంచుటయే కార్యము.

ఇచ్చట చాలమంది అడుగు ప్రశ్న, ‘ఏ మందు చల్లవలెను?’ అని. మందు పిదప, ముందు ఒక హెచ్చరిక. వరికో ప్రత్తికో తెచ్చిన మందును మిగిలినదని పాకలో చల్లుట మిక్కిలి ప్రమాదము. విషము తగిలిన పురుగును కోడి తినును. కోడిని, గ్రుడ్డును మనము తినెదము. కోళ్ళుండగా లిట్టరుపై విషము చల్లుట ఎన్నటికిని కూడదు. రెండవ సంగతి, ఒకే మందును పలుమారు చల్లినచో పురుగు దానికి అలవాటు పడును. 1946లోనే స్వీడను దేశమున ఈగలు డి.డి.టి.కి లొంగకపోవుట కనుగొనబడెను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు ఫెనిట్రోథయాను అను మందును కోళ్ళపాకలలో ఏండ్ల తరబడి వాడగా, మన యీ పురుగే దానికి లొంగకుండ పోయినది. పిదప వాడిన సైఫ్లూత్రిను అను మందు బలమును తగ్గినది. బలహీనమైన పురుగులు చచ్చును. మందునకు తట్టుకొన్నవి మిగిలి, తమవంటి సంతానమునే కనును. కావున మందు అవసరమైనచో పశువైద్యుని అడిగి, కోళ్ళపాకలకు అనుమతింపబడినదానినే, డబ్బాపై వ్రాసిన మోతాదున, పాక ఖాళీగా నున్నప్పుడు మాత్రమే వాడవలెను. కొన్నాళ్ళకొకమారు మందు జాతిని మార్చవలెను.

మందుకంటె ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. మొదటిది చెమ్మను తొలగించుట. నీటి గొట్టములు కారుచున్నచోటనే పురుగు మందలుగా చేరును. లిట్టరును గుప్పెడు తీసి గట్టిగా పిసికి చేయి తెరువుడు. ముద్ద విడివడి రాలినచో మేలు. ముద్దగనే నిలిచినచో చెమ్మ హెచ్చు. అట్టిచోట తడిసిన లిట్టరును తీసివేసి పొడి ఊకను వేయవలెను, దినమునకొకమారు తిరుగగొట్టవలెను. రెండవది, దాణా చిందకుండ తొట్ల యెత్తును కోడి వీపుతో సమముగా నుంచుట. మూడవది, చచ్చిన కోడిని ఆనాడే తీసి పాకకు దూరముగా లోతుగా పూడ్చుట. నాలుగవది, గోడల పగుళ్ళను సిమెంటుతో పూడ్చి, మట్టినేల యున్నచో వీలైనంత త్వరలో గట్టినేల వేయించుట. స్తంభము చుట్టును జానెడు వెడల్పు గల నున్నని ప్లాస్టికు పట్టీని చుట్టినచో డింభకములు జారిపడును, పైకెక్కలేవు. ఆ పట్టీపై దుమ్ము, ఈగల మరకలు చేరకుండ తుడుచుచుండవలెను.

పురుగు ఎంత యున్నదో తెలిసికొనుటకు ఒక సులభోపాయము కలదు. జానెడు పొడవు గల గొట్టములో ముడతల అట్టముక్కను చుట్టి దూర్చి, గోడ ప్రక్కనను దాణా తొట్ల క్రిందను లిట్టరులో ఉంచుడు. కోళ్ళు కదల్పకుండ దానిని మేకుతో బిగింపుడు. వారము గడచిన పిదప తీసి, తెల్లని గుడ్డపై దులిపి లెక్కింపుడు. ఆ లెక్కను తేదీతో పుస్తకమున వ్రాసికొనుడు. బ్యాచి బ్యాచికి లెక్క పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలియును. కంటికి కనబడిన పిదప మేల్కొనుటకంటె లెక్కచూచి మేల్కొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనవి కోళ్ళు వెడలిన తొలి గడియలు. దాణా తీసివేసిన పిదప ఆకలిగొన్న పురుగులు గోడలలోనికిని నేలలోనికిని తరలిపోవును. అవి తరలకముందే, అనగా కోళ్ళు వెడలిన దినముననే, పని మొదలుపెట్టవలెను. మందు వాడదలచినవారు ఆనాడే గోడల అంచుల వెంబడియు, తొట్లున్న చోట్లను వాడవలెను. పిదప లిట్టరును పూర్తిగా ఎత్తివేసి, నేలను గీకి, మూలలు ఊడ్చి, సున్నము పూసి, ఆరనిచ్చి, అటుపిమ్మట క్రొత్త ఊక పరవవలెను. పాత లిట్టరుపై పలుచగా క్రొత్త ఊకను కప్పి పిల్లలను దింపుట, పాత అప్పును దాచి క్రొత్త లెక్క వ్రాయుట వంటిది.

ఎత్తిన లిట్టరు సంగతియే ఊరి సంగతి. ఒక రైతు దానిని ఆ సాయంకాలమే ట్రాక్టరునందు మూత లేకుండ తీసికొనిపోయి, ఊరి చేరువ పొలములో కుప్పగా పోసెననుకొందము. కొలది రాత్రులలో పురుగులు ఎగిరి దగ్గరనున్న ఇండ్ల దీపములకు చేరును, అన్నపుగిన్నెలలో పడును, పసిబిడ్డల పడకలపై ప్రాకును. ఇంటివారు కోళ్ళవాని మీదికి పోవుదురు. ‘ఎరువు అమ్మితిని, నాకేమి సంబంధ’మని యాతడనును. ‘కొని నా పొలములో వేసికొంటిని, తప్పేమి’ యని రైతనును. ముగ్గురి మాటలోను కొంత న్యాయము కలదు. అయినను పురుగు మాత్రము ఆగదు.

ఇందుకు తీరుపు కుప్పలోనే యున్నది. లిట్టరును పాక దగ్గరనే, కాని పాకకు ఆనకుండ, నాలుగైదు అడుగుల ఎత్తున కుప్పవేయుడు. మరీ పొడిగా నున్నచో కొంచెము నీరు చిలుకరింపుడు. పైన టార్పాలిను కప్పి, అంచులను మట్టితో అదిమిపెట్టుడు. కొలది దినములలో కుప్ప లోపల వేడిమి 55 డిగ్రీలు దాటును. ఆ వేడిమికి పురుగును, గ్రుడ్డును, డింభకమును నిలువవు. చల్లనైన పైపొరకు పురుగులు పారిపోవును గావున, వారమునకొకమారు కుప్పను తిరుగవేసి, బయటి లిట్టరు లోపలికి పోవునట్లు చేసి మరల కప్పవలెను. రెండు మూడు వారములు గడచిన పిదప దానిని మూతవేసిన బండిలో తీసికొనిపోయి, పగటిపూట చల్లి, ఆనాడే దున్నివేయవలెను. పచ్చి ఎరువువలె పైరును కాల్చదు గనుక రైతునకును లాభమే. ఇంటికి వచ్చిన పురుగు కుట్టునది కాదు. పొడిగా శుభ్రముగా నున్న యింట అది సంసారము పెట్టలేదు. ఊడ్చి సబ్బునీటిలో పడవేసిన చాలును. పసిబిడ్డలున్న గదులలో పొలపు మందులు చల్లరాదు.

పెద్దలారా, మన బోధను పట్టణమే భారతకథలోని ఏకచక్రపురమని పెద్దలు చెప్పుకొందురు. అచ్చటి బకాసురునికి ఊరివారు ఇంటికొక వంతు వేసికొని, ప్రతిదినము బండెడన్నము తామే పంపుచుండిరి. తన వంతు వచ్చువరకు ప్రతివాడును ఊరకుండెను. ఈ పురుగు విషయమునను మన నడవడి అట్లే యున్నది. బండిని మనమే నింపి పంపుచున్నాము. నేడు ఒక యింటి వంతు, రేపు మరియొక యింటి వంతు. భీముని కొరకు మనము కాచుకొనియుండ నక్కరలేదు. కోళ్ళు పెంచువారిని, ఎరువు కొనువారిని, ఇరుగుపొరుగులను ఒక్కచోట కూర్చుండబెట్టి నాలుగు మాటలు కట్టడి చేసిన చాలును: మాగని ఎరువు పాక దాటరాదు, మూతలేని బండి ఊరిలోనికి రారాదు, ఇండ్ల దగ్గర కుప్ప వేయరాదు, చల్లిననాడే దున్నవలెను. కుప్ప కప్పుటకగు టార్పాలిను వెలను అమ్మువాడును కొనువాడును చెరిసగము పెట్టుకొనుట న్యాయముగా తోచుచున్నది. ఏలయన మేలు ఇద్దరిదియు.

కోళ్ళు పెంచువానిని ఊరికి శత్రువుగా చూడవలదు. చెరకు తరిగిన యీ నేలలో ఆతడు వెదకికొన్న జీవనోపాయమది. ఆతడును తన పాకలోని పురుగు తన గోడతో ఆగునని తలపరాదు. ఒకరి కష్టము నొకరు ఎరిగి నడచుకొన్నచో, ఈ పురుగు బాధ వచ్చిన త్రోవనే వెడలిపోవును. మీ గ్రామములలో వచ్చు బ్యాచి దిగకముందే ఈ మాట పదిమందిలో ఎత్తవలసినదిగా ప్రార్థించుచున్నాను.